చెయ్యి నిజం, ఎనర్జీ అబద్ధం

ఎనర్జీ హీలింగ్ చేసేవాళ్ళ కరపత్రాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రెయికీ అయినా, ప్రాణిక్ హీలింగ్ అయినా, ఇంకో కొత్త పేరు తగిలించుకున్నదైనా "మొదటి సెషన్‌లో ఏం జరుగుతుంది?" అని ఒక భాగం తప్పకుండా ఉంటుంది. వదులు బట్టలు వేసుకు రండి. చెప్పులు బయట విడవండి. వాచీ, బెల్టు, ఫోను పక్కన పెట్టండి. బల్ల మీద పడుకుంటే చాలు, మీరేమీ చెయ్యక్కర్లేదు. హీలర్ మీ ఒంటి మీద తేలిగ్గా చేతులు ఆనిస్తారు, లేదా కొద్ది అంగుళాల ఎత్తులో ఆడిస్తారు. కొందరికి వెచ్చగా అనిపిస్తుంది, కొందరికి చల్లగా, కొందరికి తిమ్మిరెక్కినట్టు. కొందరు ఏడుస్తారు. చాలామంది నిద్రపోతారు.

ఇంతవరకూ నాకు ఏ పేచీ లేదు. ఇందులో రాసినవన్నీ జరుగుతాయి, నేను చూశాను. నా పేచీ ఆ భాగం చివర వచ్చే మాటతో. అదీ అన్ని కరపత్రాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది: మీకేమీ అనిపించకపోయినా కంగారు పడకండి, ఎనర్జీ తన పని తాను చేస్తూనే ఉంటుంది, మీరెంత ఓపెన్‌గా ఉంటే అంత ఫలితం.

ఒకసారి ఆగి చదవండి. వెచ్చగా ఉంటే పని చేస్తున్నట్టు. చల్లగా ఉన్నా పని చేస్తున్నట్టే. ఏమీ లేకపోయినా పని చేస్తున్నట్టే. రేపటికి నొప్పి తగ్గితే ఎనర్జీ గొప్ప. తగ్గకపోతే మీ మనసు తలుపులు మూసుకుని ఉన్నట్టు. హీలర్ ఓడిపోవడానికి ఈ ఆటలో ఎక్కడా చోటు లేదు. ఓడిపోయే మనిషి ఒక్కరే. బల్ల మీద పడుకున్న మనిషి.

మాది నల్లపాడు. గుంటూరు దాటగానే పట్టాలు చీలి ఒక దారి నరసరావుపేట మీదుగా గుంతకల్లుకీ, ఇంకో దారి నడికుడి మీదుగా పగిడిపల్లికీ పోయే జంక్షన్. 2012లో గుంటూరు నగరపాలక సంస్థలో కలిపారు కాబట్టి కాగితాల మీద మేమూ సిటీవాళ్ళమే. చుట్టూ ఉన్న బతుకు మాత్రం మిరపకాయది. సీజనొస్తే టిక్కీలు నింపుకున్న లారీలు యార్డు వైపు బారులు తీరతాయి. గాలి మళ్ళితే బజారంతా తుమ్ముతుంది. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాటే. దాన్ని మోసే నడుములూ, ఎండుకాయలకు తొడిమలు తీసే వేళ్ళూ, మందు ట్యాంకు తగిలించుకుని పత్తిచేలో తిరిగిన భుజాలూ మా చుట్టుపక్కల లెక్కలేనన్ని. నొప్పి గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన చోటు నాకు తెలియదు.

మా పిన్ని ఇరవై ఏళ్ళకు పైగా తొడిమలు తీసింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గోడౌన్ నేల మీద గొంతుక్కూర్చుని చేసే పని. ఇప్పుడు అరవై దాటాయి. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగింది. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. రోజూ ఫోన్లో అమ్మ మూలుగు విని తట్టుకోలేక, ఆన్‌లైన్లో వెతికి, గుంటూరులో ఒక హీలింగ్ సెంటర్లో ఆరు సెషన్ల ప్యాకేజీ కట్టాడు. బండి మీద తీసుకెళ్ళి తీసుకొచ్చే పని నాకు పడింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ హీలర్ మోసగత్తెలా లేదు. నలభై ఏళ్ళావిడ, మర్యాదస్తురాలు. "రండాంటీ" అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. బల్ల ఎక్కడానికి చిన్న పీట వేసింది. మోకాళ్ళ కింద దిండు పెట్టింది, దుప్పటి కప్పింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పదో నిమిషానికి పిన్ని గురక పెట్టింది. లేచాక, "ప్రాణం లేచొచ్చినట్టుందిరా అబ్బాయ్" అంది. ఆ రాత్రి నొప్పి తక్కువగానే ఉంది. హేతువాదం పేరుతో ఈ మాటను కొట్టిపారేసేవాళ్ళతో నాకు పని లేదు. అరవయ్యేళ్ళ మనిషికి తన మోకాలు తగ్గిందో లేదో తెలుసు.

తగ్గింది, సరే. ఎందుకు తగ్గింది? అసలు తగాదా ఇక్కడ.

2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టెడ్ కప్చుక్ బృందం ఒక ప్రయోగం అచ్చువేసింది. పేగుల బాధతో ఏళ్ళ తరబడి అవస్థపడే 262 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు ఏ వైద్యమూ లేదు, మీ వంతు వచ్చేదాకా ఆగమన్నారు. రెండో గుంపుకు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్. సూది గుచ్చినట్టే ఉంటుంది, గుచ్చుకోదు. మూడో గుంపుకు అదే ఉత్తుత్తి సూది, దానికి తోడు ఓపిగ్గా కూర్చుని కష్టసుఖాలు విని ధైర్యం చెప్పే వైద్యుడు. మూడు వారాలయ్యాక బాధ చాలినంత తగ్గిందన్నవాళ్ళు మొదటి గుంపులో 28 శాతం, రెండో గుంపులో 44, మూడో గుంపులో 62. సూదిలో ఏమీ లేదు. మనిషి కూర్చోవడంలో ఉంది, వినడంలో ఉంది.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. 67 దేశాల్లో మామూలు డాక్టరు ఒక్కో రోగికి ఎంతసేపు ఇస్తున్నాడో పోల్చిన అధ్యయనం 2017లో బీఎంజే ఓపెన్‌లో వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాల పైన. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో టోకెన్ తీసుకుని కూర్చున్న ఎవరినడిగినా ఈ రెండు నిమిషాల సంగతి చెబుతారు. మూడు గంటలు బెంచీ మీద, రెండు నిమిషాలు లోపల, చీటీ చేతిలో. ఆ రెండు నిమిషాల్లోనూ డాక్టరు కళ్ళు ఎక్స్‌రే మీదే.

కాబట్టి సెషన్‌కి వెళ్తే మీకేం దొరుకుతుందో నేను చెబుతాను. ఒక గంట దొరుకుతుంది. మీ నుంచి ఏమీ అడగని గంట. ఒక చెయ్యి దొరుకుతుంది. పేరు పెట్టి పిలిచి, ఎక్కడ నొప్పి అని అడిగే గొంతు దొరుకుతుంది. ఇది చిన్న సంగతి కాదు. మన సమాజంలో చెయ్యి ఆనించడం ఎంత పెద్ద సంగతో అంబేడ్కర్‌ని అడగాలి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన కాఠియావాడ్‌కు చెందిన ఒక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరాన్ని ఎత్తి చూపించారు. 1929లో యంగ్ ఇండియాలో అచ్చయిన ఉత్తరం అది. బాలింత అయిన భార్యకు జబ్బు చేస్తే వచ్చిన డాక్టరు ఆమెను ముట్టుకోలేదు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త ఆమెకు పెట్టాడు. ఆమె బతకలేదు. ముట్టుకోకపోవడం మనుషుల్ని చంపిన నేల ఇది. ఇక్కడ ఒక చెయ్యి ప్రేమగా ఆనితే ఒళ్ళు తేలికపడటంలో వింతేముంది?

చెయ్యి నిజం. మరి ఆ చేతిలోంచి ప్రవహిస్తుందంటున్న ఎనర్జీ?

దాన్ని ఒక చిన్నపిల్ల పరీక్షించింది. అమెరికాలో థెరప్యూటిక్ టచ్ అని ఒక పద్ధతి ఉంది. డొలోరెస్ క్రీగర్ అనే నర్సింగ్ ప్రొఫెసరూ, డోరా కుంజ్ అనే థియోసాఫిస్టూ 1970లలో మొదలుపెట్టారు. పేరులో టచ్ ఉంది గాని ముట్టుకోరు, ఒంటి చుట్టూ ఉన్న శక్తిని చేతులతో సవరిస్తామంటారు. ఎమిలీ రోసా తొమ్మిదేళ్ళప్పుడు బడిలో సైన్స్ ప్రాజెక్టు కోసం ఒక అట్ట అడ్డం పెట్టింది. హీలర్లు అట్ట కింది రంధ్రాల్లోంచి రెండు చేతులూ అవతలికి చాపాలి. తను నాణెం ఎగరేసి, వాళ్ళ కుడిచేతి మీదో ఎడమచేతి మీదో తన చెయ్యి ఉంచుతుంది. ఏ చేతి దగ్గర మనిషి ఉన్నట్టు తెలుస్తోందో చెప్పాలి, అంతే. 21 మంది హీలర్లు, 280 ప్రయత్నాలు. 44 శాతం సరిగ్గా చెప్పారు. కళ్ళు మూసుకుని ఊహించినా సగం వచ్చి ఉండేవి. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ ఆ ఫలితాన్ని అచ్చువేసినప్పుడు ఎమిలీకి పదకొండేళ్ళు.

ఎదురుగా ఉన్న మనిషి శక్తిక్షేత్రం ఉందో లేదో పట్టలేని చేతులు, అందులో అడ్డంకి ఎక్కడుందో పట్టి దాన్ని సరిచేస్తాయంటే ఎట్లా నమ్మాలి? ఎనర్జీకి కొలత ఉంది. మన ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ల లెక్కన వస్తుంది. హీలింగ్ ఎనర్జీకి మాత్రం రూపాయల్లో తప్ప కొలత లేదు.

"ఇది వేల ఏళ్ళ నాటి మన విద్య, పాశ్చాత్య శాస్త్రానికి అందదు" అనే వాదన ఇక్కడ వస్తుంది. మన పాఠకుల్లో వలసవాద వ్యతిరేకత చదువుకున్నవాళ్ళు ఎక్కువ కాబట్టి ఈ వాదనకు బలమూ ఎక్కువే. చరిత్ర చూద్దాం. రెయికీని మొదలుపెట్టిన మికావో ఉసుయి జపాన్‌లో కురామా కొండ మీద ఉపవాసం చేసి దాన్ని పొందాననింది 1922లో. హవాయో తకాతా 1930ల చివర్లో హవాయికి తెచ్చింది. అమెరికావాళ్ళకు నచ్చేటట్టు ఉసుయి క్రైస్తవుడనీ, షికాగో విశ్వవిద్యాలయంలో చదివాడనీ కథ చెప్పింది. అది నిజం కాదని తర్వాత తేలింది. మాస్టర్ దీక్షకు ఆమె పెట్టిన రుసుము పదివేల డాలర్లు. ప్రాణిక్ హీలింగ్‌కు వస్తే, ఫిలిప్పీన్స్‌లో చోవా కోక్ సుయి 1987లో పుస్తకం వేశాడు. పుస్తకం పేరులోనే 'ప్రాచీన శాస్త్రం' ఉంది. ఏడు చక్రాలకు వరసగా ఇంద్రధనుస్సు రంగులు పూయడం కూడా ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్యుల పనే. మనం స్వదేశీ అనుకుని కొంటున్నది హవాయి, మనీలా మీదుగా తిరిగొచ్చిన సరుకు.

నిజంగా మన తెలుగు కథే కావాలంటే అదీ ఉంది, సాహిత్యం చదివేవాళ్ళ ఇంటి పెరట్లోనే. కంచుపాటి వేంకటరావు వేంకాసామిరావు, అంటే మాస్టర్ సి.వి.వి., కుంభకోణంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1868లో పుట్టి, 1910లో తన యోగాన్ని మొదలుపెట్టారు. అనుయాయుల్ని మీడియంలు అన్నారు. పొద్దున ఆరుకూ సాయంత్రం ఆరుకూ ఆయన పేరుతో ప్రార్థన. జపాన్‌లో రెయికీ పుట్టిన 1922లోనే ఆయన పోయారు. ఆయన శిష్యుల్లో వేటూరి ప్రభాకరశాస్త్రి ఉన్నారు. అవును, చాటుపద్యాలు ఏరి కూర్చిన ఆ వేటూరి ప్రభాకరశాస్త్రే. తాళపత్రాల మీద అంత నిక్కచ్చిగా పాఠాలు పరిష్కరించిన మనిషి, తన జబ్బు ఈ యోగంతో కుదిరిందని నమ్మి, తర్వాత ఎందరికో యోగచికిత్స చేశారు. 'ప్రజ్ఞాప్రభాకరము'లో ఆ సంగతులన్నీ రాసుకున్నారు. బాపట్లలో పుట్టిన ఎక్కిరాల కృష్ణమాచార్య కూడా ఆ దారివారే. 1971లో విశాఖలో వరల్డ్ టీచర్ ట్రస్టు పెట్టారు.

వేటూరివారి మీద నాకున్న గౌరవం ఈ సంగతి వల్ల తగ్గదు. ఆయన నమ్మకం వల్ల ఎనర్జీ నిజమైపోదు కూడా. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఒకటే. చదువు ఈ విషయంలో టీకా కాదు. వ్రాతప్రతిలో ఒక అక్షరం తేడాను పట్టగల కన్ను కూడా తన ఒంటి నొప్పి దగ్గరికి వచ్చేసరికి ఊరట వెతుక్కుంటుంది. కాబట్టి పిన్నినీ ఆమె కొడుకునీ చూసి నవ్వే అర్హత మనకు లేదు. ప్రశ్న నమ్మినవాళ్ళను అడగాల్సింది కాదు, అమ్మినవాళ్ళను అడగాల్సింది.

ఆ ప్రశ్న: పని చెయ్యకపోతే తప్పు ఎవరిది?

తెలుగులో దీనికి ఎప్పటినుంచో ఒక జవాబుంది. హస్తవాసి. "ఆయన హస్తవాసి మంచిదమ్మా, ముట్టుకుంటే జరం దిగుద్ది" అంటారు మా వైపు. ఎంబీబీఎస్ డాక్టరు గురించి అంటారు, ఆర్ఎంపీ గురించి అంటారు, ఎముకలు కట్టేవాడి గురించి అంటారు. ఇది శాస్త్రం కాదు. అయినా ఈ మాటలో గొప్ప న్యాయం ఉంది. నయమైతే ఆయన చెయ్యి మంచిది. కాకపోతే "ఆయన హస్తవాసి మనకు కుదర్లేదు, ఇంకో చోటికి పోదాం" అంటారు. రోగిని ఎవరూ ఏమీ అనరు. నమ్మకం చాల్లేదనరు, మనసు విప్పలేదనరు. ఫలితానికి పూచీ చెయ్యి వేసినవాడిది.

కొత్త హీలింగ్ ఈ పూచీని తీసి రోగి నెత్తిన పెట్టింది. మా పిన్నికి మూడో సెషన్ దాకా బాగానే ఉంది. నాలుగోదానికి నొప్పి మళ్ళీ మొదటికొచ్చింది. చలికాలం, పైగా ఇంట్లో పెళ్ళి పనులు. హీలర్ చాలా మెత్తగా చెప్పింది: "ఆంటీ, మీరు లోపల ఎవరి మీదో పాత కోపం పట్టుకుని ఉన్నారు. మోకాలు అంటే వంగడం. వాళ్ళను క్షమిస్తే గానీ ఎనర్జీ కిందికి దిగదు." పిన్ని ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని లెక్క మొదలుపెట్టింది. తోడికోడలా? పోయిన మొగుడా? కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరా? "నేనెవర్ని క్షమించలేదురా?" అని నన్నడిగింది. రెండు రాత్రులు నిద్రపోలేదు.

నాకు ఒళ్ళు మండింది అందుకు. ఇరవై ఏళ్ళు గట్టి నేల మీద గొంతుక్కూర్చుంటే మోకాలు అరుగుతుంది. దాని వెనకాల పీట కూడా ఇవ్వని గోడౌన్లున్నాయి, లేచి నాలుగడుగులు వేస్తే పని ఆగుతుందన్న మేస్త్రీలున్నారు, కాయల లెక్కన నడిచే కూలి ఉంది. ఇవన్నీ గాల్లో కలిపేసి, నొప్పికి మూలం నీ గుండెలో ఉన్న కోపమే అని ఆమెకే అప్పజెప్పడం వైద్యమా? అసలు ఆ కోపం ఉంటే తప్పేమిటి? కూలి ఎగ్గొట్టినవాడి మీద కోపం ఉండటం ఆరోగ్యం. దాన్ని బ్లాకేజీ అనడం యజమానుల భాష. యజమాని కూడా ఇంత తియ్యగా చెప్పలేడు.

ఆమెకు తర్వాత పనికొచ్చినవి చాలా మామూలు విషయాలు. ఫిజియోథెరపిస్టు నేర్పిన తొడ కండరాల వ్యాయామాలు, కింద కూర్చోకుండా ఎత్తు పీట, మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ, నొప్పి ఎక్కువైన రోజు మాత్ర. వీటిలో ఏదీ మోకాలిని మళ్ళీ కొత్తది చెయ్యదు. ఏదీ ఆమెను నిందించదు కూడా.

నింద ఎక్కడికి పోతుందన్నది నాకు ఇంత ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. హీలర్లు ఇప్పుడు డిస్టెన్స్ హీలింగ్ అమ్ముతున్నారు. మీరు బెంగళూరులో ఉండండి, మీ అమ్మగారి ఫొటో, పూర్తి పేరు పంపండి, మేం ఇక్కడినుంచి ఎనర్జీ పంపుతాం. ఈ మాట విని మురిసిపోయే ముందు ఇది మన ఊళ్ళకు కొత్తదా అని ఆలోచించండి. ఫొటో, పేరు, మనసులో సంకల్పం, దూరాన ఉన్న ఒంటి మీద ప్రభావం. దీన్ని మన ఊళ్ళో చేతబడి అంటారు. సిద్ధాంతం ఒకటే, గుర్తు మాత్రమే మారింది. దూరంనుంచి మంచి పంపగలిగితే చెడు కూడా పంపవచ్చు. ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని మూఢనమ్మకం అనడానికి దారి లేదు.

ఆ రెండోది మనుషుల్ని చంపుతోంది. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశానికి వచ్చిన తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో పొడిచి చంపారు. మెదక్ వైపు బాణామతి చేశారన్న అనుమానం మీద మనుషుల పళ్ళు ఊడగొట్టిన రోజులున్నాయి. నోట్లో పళ్ళు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. అలా అనుమానాల పాలైనవాళ్ళలో బలంలేని కులాలవాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు ఎక్కువ. ఒక మనిషి సంకల్పం ఇంకో మనిషి ఒంటిని గాల్లోంచి తాకుతుందన్న నమ్మకానికి ఊళ్ళో కత్తిపోటు, నగరంలో ఆన్‌లైన్ పేమెంటు. మనం రెండోదానికి సబ్‌స్క్రయిబ్ చేసి మొదటిదానికి విచారం ప్రకటిస్తున్నాం.

మా అమ్మమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందనేది. ప్రాణిక్ హీలర్ తీసేసిన మురికి ఎనర్జీని పక్కనున్న ఉప్పునీళ్ళ గిన్నెలోకి విదిలిస్తుంది. ఉప్పు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అమ్మమ్మ రసీదు ఇవ్వలేదు, లెవెల్ వన్ సర్టిఫికెట్ కోర్సు పెట్టలేదు.

"మేం మందులు మానమని చెప్పం, ఇది వైద్యానికి తోడు మాత్రమే" అని హీలర్లు అంటారు. చాలామంది నిజాయితీగానే అంటారు. కానీ తోడు అన్న మాట ఆచరణలో ఎట్లా పరిణమిస్తుందో లెక్కలున్నాయి. 2018లో జామా ఆంకాలజీలో వచ్చిన యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకుల అధ్యయనం క్యాన్సర్‌కు మామూలు వైద్యంలో కొంతైనా తీసుకుంటూ, దానికి తోడుగా ఇలాంటి పద్ధతులకు వెళ్ళిన 258 మందిని, వెళ్ళనివాళ్ళతో పోల్చింది. తోడు పద్ధతులకు వెళ్ళినవాళ్ళలో 34 శాతం కీమోథెరపీ వద్దన్నారు. వెళ్ళనివాళ్ళలో వద్దన్నది 3 శాతం. రేడియేషన్ వద్దన్నవాళ్ళు 53 శాతం, అవతలి వైపు 2 శాతం. మరణించే ప్రమాదం రెట్టింపు. తోడు పద్ధతి నేరుగా ఎవర్నీ చంపలేదు. అసలు వైద్యాన్ని వద్దనుకోవడమే ఆ తేడాకు కారణమని పరిశోధకులు చెప్పారు. తోడుగా వచ్చినవాడు మెల్లగా స్టీరింగ్ పట్టుకుంటాడు.

చట్టం కూడా ఇక్కడ రెండు కళ్ళతో చూస్తుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్, మధుమేహం లాంటి కొన్ని జబ్బుల్ని మహిమతో నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం నేరం. మహిమ అంటే ఏమిటో చెబుతూ అందులో తాయెత్తు, మంత్రం, కవచం అని రాశారు. తాయెత్తు కట్టేవాడు గోడ మీద మధుమేహం అని రాస్తే దొరికిపోతాడు. అదే పని ఇంగ్లీషులో బ్యాలెన్స్, వెల్‌నెస్, డీటాక్స్ అని రాస్తే జబ్బు పేరే ఎత్తలేదు కాబట్టి చట్టం చేతికి అందదు. భాష తెలిసినవాడికి ఒక న్యాయం, తెలియనివాడికి ఇంకో న్యాయం. భాష మీద బతికే మనకు ఇది కనిపించకపోతే ఎట్లా?

ఇంత రాశాక నా సొంత పక్షాన్ని కూడా ఒక మాట అనాలి. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలూ, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళూ ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించారు, విభూది ఎలా పుడుతుందో విప్పి చెప్పారు. వాళ్ళ రుణం పెద్దది. కానీ ప్రదర్శన అయ్యాక జనం ఇళ్ళకు పోతారు, మోకాలి నొప్పి వాళ్ళతోనే పోతుంది. బాబా దగ్గర దొరికిన గంటసేపు కూర్చునే మనిషి మన దగ్గర దొరకడు. అబద్ధాన్ని బయటపెట్టడం సగం పని. రెండో సగం, ప్రభుత్వాసుపత్రిలో ఓపీకి ఇద్దరు డాక్టర్లు ఎక్కువ కావాలనడం, మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు కావాలనడం, గోడౌన్లలో పీటలూ విరామాలూ కావాలనడం. చెయ్యి ఆనించే వైద్యం హక్కుగా దొరికిన రోజు ఎనర్జీ బేరం దానంతటదే పడిపోతుంది. దొరకనంత కాలం నా వ్యాసాలు ఎవరి నొప్పినీ తగ్గించవు.

వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. వద్దనను. పడుకోండి, నిద్రపోండి, ఏడుపొస్తే ఏడవండి. ఆ గంటకు డబ్బివ్వడం కూడా తప్పు కాదు, తలంటు పోసినవాళ్ళకు ఇవ్వమా? డాక్టరు రాసిన మాత్ర మాత్రం మానకండి. ఒంట్లో గడ్డ కనిపిస్తే, బరువు తగ్గుతుంటే, రక్తం పడితే ముందు ఆసుపత్రికి పోండి. డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: ఇది పని చెయ్యకపోతే తప్పు ఎవరిదంటారు?

హీలర్లకు కూడా ఒక కోరిక. మీ చేతుల్లో మంచితనం ఉంది, మీ గదుల్లో నిశ్శబ్దం ఉంది. వాటిని వాటి పేర్లతోనే అమ్ముకోండి. కరపత్రంలో ఆ చివరి వాక్యం తీసేసి దాని స్థానంలో మన తెలుగు పద్ధతిలో ఇలా వేయించండి: మీకు నయం కాకపోతే మా హస్తవాసి చాల్లేదని అర్థం. మీ తప్పేమీ లేదు.